పశువుల కాలి విరుపులు: కోతలేని చికిత్స

తూర్పు కనుమల పాదమున, వేగవతి నది ఒడ్డున సాలూరు పట్టణము కలదు. విజయనగరము నుండి రాయపూరు పోవు రహదారి ఇచ్చట మైదానమును విడిచి, సుంకి ఘాటు మీదుగా కొరాపుట్ వైపు కొండలెక్కును. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున పశువు మేతకై కొండవాలు ఎక్కవలెను. నీటికై గెడ్డ దిగవలెను. ఇల్లు చేరుటకు లారీలు తిరుగు రోడ్డు దాటవలెను. రాతి సందున గిట్ట ఇరుకుకొనుట, వానకు నానిన గట్టుపై కాలు జారుట, బండి తగులుట, మరియొక పశువు కుమ్ముట - కాలు విరుగుటకు ఇన్ని దారులున్నవి.

జత ఎడ్లలో ఒకదాని కాలు విరిగినచో చిన్న రైతునకు పోయినది ఒక్క ఎద్దు కాదు, జత. ఒంటి ఎద్దుతో నాగలి సాగదు. పాడిగేదె పడిపోయినచో ఇంటి రోజువారీ రాబడియే పడిపోవును. అట్టి సమయమున సాధారణముగ రెండు తొందరపాట్లు జరుగుచుండును. ఒకటి, "ఇక ఇది లేవదు" అని పశువును వచ్చిన ధరకు వదలుకొనుట. రెండవది, చేతికందిన కర్రలు పెట్టి, త్రాటితో చేతనైనంత బిగించి కట్టుట. మొదటి తొందరపాటు వలన బాగుపడగల పశువు పోవును. రెండవదాని వలన బాగుపడగల కాలు పోవును.

నిజమునకు ఆవులకు, ఎడ్లకు, గేదెలకు కలుగు కాలి విరుపులలో చాలవాటిని చర్మము కోయకుండ, ఇనుపపలకలు బిగింపకుండ, వెలుపలి కట్టుతోనే నయము చేయవచ్చును. అయితే ఏ విరుపు కట్టుకు లొంగును? ఏది లొంగదు? దీనిని తెలిసికొనుటకు ముందు ఎముక ఎట్లు అతుకునో తెలిసికొనవలెను.

ఎముకను అతికించునది ఎవరు?

ఎముక ఎండుకట్టె వంటిది కాదు. అది రక్తము ప్రవహించు సజీవ పదార్థము. అందు కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులును, వాటిపై కూర్చబడిన కాల్షియం, భాస్వరముల లవణములును కలిసియుండును. సన్నని కోడి ఎముకను కొన్ని దినములు సిర్కాలో నానబెట్టినచో లవణములు కరిగి, ఎముక రబ్బరువలె వంగును. ఎముకను నిప్పులో కాల్చినచో పోగులు మాడి, మిగిలినది సుద్దవలె పొడియగును. పోగులు సాగుడును, లవణములు గట్టితనమును ఇచ్చుచున్నవని ఈ రెండు ప్రయోగముల వలన విద్యార్థులు కన్నులార చూడవచ్చును.

ఎముక విరిగినప్పుడు దానిలోని రక్తనాళములు కూడ తెగును. కొసల నడుమ రక్తము చేరి గడ్డకట్టును. కొద్ది దినములలో ఆ గడ్డలోనికి క్రొత్త కణములు, వెండ్రుకకన్న సన్నని రక్తనాళములు చొచ్చుకొనివచ్చును. రెండు మూడు వారములలో కొసల చుట్టును మెత్తని మృదులాస్థి ముద్దగా ఏర్పడును. పిమ్మట ఆ ముద్దలో లవణములు చేరి గట్టి ఎముక యగును. తరువాత కొన్ని నెలలపాటు శరీరము అనవసరమైన భాగమును కరిగించుచు, బరువు పడుచోట ఎముకను పెంచుచు, విరిగిన చోటును తిరిగి తీర్చిదిద్దును. ఎముక తనపై పడు బరువును బట్టి రూపు దిద్దుకొనునను ఈ సూత్రమును 1892లో జర్మను వైద్యుడు జూలియస్ వుల్ఫ్ విపులముగ ప్రకటించెను.

ఇందు ఎచ్చటను కట్టునకు పాత్ర లేదు. ఎముకను అతికించునది శరీరమే. కట్టు ఇచ్చునది నిశ్చలత మాత్రమే. విరిగిన కొసలు కదలుచున్నంత కాలము అప్పుడే పుట్టుచున్న సన్నని రక్తనాళములు తెగుచుండును. మెత్తని ముద్ద గట్టిపడదు. తుదకు ఎముక నడుమ లేని కీలు ఒకటి ఏర్పడినట్లగును. కావున మంచి కట్టు చేయవలసిన పనులు రెండే: విరిగినచోటును కదలనీయకుండుట, అట్లు చేయుచు రక్తప్రసరణమును అడ్డకుండుట. ఈ చికిత్సలోని నియమములన్నియు ఈ రెండింటినుండి పుట్టినవే.

ఏ విరుపు కట్టుకు లొంగును?

ఎముకను కదలనీయకుండ చేయవలెనన్నచో దానికి పైనున్న కీలును, క్రిందనున్న కీలును కూడ బంధింపవలెను. ఒక్క విరిగినచోటనే కట్టినచో పై కీలు కదలినప్పుడెల్ల పై ముక్క, క్రింది కీలు కదలినప్పుడెల్ల క్రింది ముక్క కదలును. ఇది మనుష్యులకును, పశువులకును సమానమైన నియమము.

పశువు ముందుకాలిలో మోకాలి క్రిందను, వెనుక కాలిలో మడమకీలు క్రిందను ఒక్కొక్క పొడుగాటి గొట్టపు ఎముక యుండును. అది నిజమునకు రెండు ఎముకల కలయిక. ముందువైపు నిలువుగా కనిపించు గాడియే అందులకు గుర్తు. పశువులలో ఎక్కువగా విరుగునవి ఈ ఎముకలే. అదృష్టవశమున కట్టుకు బాగుగ లొంగునవియు ఇవియే. పై కీలును, క్రింది కీలును, గిట్టను కలిపి ఒకే గొట్టములో బంధించుటకు ఇచ్చట వీలున్నది.

వీటికి పైనున్న ముంజేతి ఎముక, పిక్క ఎముక నడిమి తరగతికి చెందినవి. పై కీలువరకు వట్టి పిండికట్టు చక్కగ అందదు. అందుచే ఇనుపచట్రము తోడు కావలెను. ఇక భుజపు ఎముక, తొడ ఎముక శరీరములో కలిసిపోయి, దట్టమైన కండరముల నడుమ నుండును. వాటి పై కీలును ఏ కట్టును బంధింపజాలదు. పైగా తొడకు కట్టిన బరువైన కట్టు క్రిందికి జారి, సరిగా విరిగినచోటనే గడియారపు లోలకమువలె ఊగి, మేలునకు బదులు కీడు చేయును. ఇట్టి విరుపులకు చిన్న దూడలలో ఒక్కొక్కప్పుడు శాలలో విశ్రాంతియే చాలును. పెద్ద పశువులలో శస్త్రచికిత్స గూర్చి యోచింపవలెను.

చర్మము చీలి ఎముక బయటపడిన విరుపు వేరొక సంగతి. మోకాలి క్రింద కండరములు లేవు; పలుచని చర్మము మాత్రమే యుండును. విరిగిన కొస దానిని సులభముగ పొడుచుకొని వచ్చును. మట్టి, పేడ తగిలి క్రిములు చేరినచో ఎముక అతుకదు. అట్టి గాయమును గంటలలోనే వైద్యుడు శుభ్రపరుపవలెను. ధనుర్వాతము రాకుండ జాగ్రత్తపడవలెను. కట్టు వేసినను గాయమును చూచుటకు వీలుండవలెను.

పశువుల పక్షమున ఒక మంచి సంగతి కలదు. గుఱ్ఱము కాలు విరిగినచో నయమగుట చాల కష్టము. అది ఎక్కువకాలము నిలిచియే యుండును. బరువంతయు మోయు రెండవ కాలి గిట్ట కూడ చెడును. ఆవు, గేదె అట్లు కాదు. దినములో చాల గంటలు పండుకొని నెమరువేయుట వాటి స్వభావము. ఎముకను పెంచు శక్తియు వాటికి మెండు. పశువు వయస్సు, బరువు తగ్గినకొలది ఫలితము మెరుగు. దూడలలో మూడు నాలుగు వారములకే అతుకు విరుపు పెద్ద పశువులలో ఆరు నుండి పదివారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

విరిగిన వెంటనే

పశువును నడిపింపరాదు. నడచిన ప్రతి అడుగునకు వాడియైన కొసలు రక్తనాళములను, నరములను కోయును. లోపలి విరుపు బయటి విరుపుగ మారును. ఆస్పత్రికి తరలించుటకు ముందే తాత్కాలికపు కట్టు వేయవలెను. దీనికి వెదురు దబ్బలు చాలును. వెదురు దొరకని చోట నిలువుగా చీల్చిన ప్లాస్టిక్ నీటిగొట్టము ఇంకను మేలు. అది కాలి ఒంపునకు సరిపోవును. ముందుగా దూదిగాని, మెత్తని పాతగుడ్డలుగాని కాలిచుట్టు సమముగ చుట్టవలెను. దబ్బలు నేలనుండి, అనగా గిట్ట కొననుండి, విరిగిన ఎముకకు పైనున్న కీలు దాటువరకు ఉండవలెను. ఒకటి వెనుకను, ఒకటి ప్రక్కను ఉంచి, వెడల్పాటి గుడ్డపట్టీలతో కట్టవలెను. సన్నని త్రాడు, తీగ, సైకిలు ట్యూబు పనికిరావు. భుజము, తొడ విరిగినప్పుడు మాత్రము దబ్బలు కట్టకుండుటయే మంచిది.

బిగించి కట్టిన త్రాడు చేయు అపకారము చూడుడు. ధమనులలో రక్తము గుండె ఒత్తిడితో వచ్చును; సిరలలో తక్కువ ఒత్తిడితో తిరిగిపోవును. త్రాడు బిగిసినచో ముందుగా అణగునవి సిరలు. రక్తము కాలిలోనికి దిగుచునేయుండును, పైకి పోజాలదు. కాలు వాచును. వాచినకొలది అదే త్రాడు ఇంకను బిగియును. తుదకు ధమనియు మూతపడును. గిట్ట చల్లబడి, స్పర్శ పోయి, కాలు కుళ్లును. కట్టినప్పుడు సరిగానేయున్న కట్టు మరునాటికి ఉరియగుటకు ఇదియే కారణము. విరుపు వలన చచ్చు కాళ్ల వలెనే బిగువు వలన చచ్చు కాళ్లును కలవు.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో విరుపులు, కీళ్లు తొలగుటలు వేరువేరుగ వర్గీకరింపబడినవి. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది చెట్ల పట్టలు, వెదురు మొదలగునవి కట్టునకు ఆధారములుగ చెప్పబడినవి. కట్టు వదులైనచో స్థిరత్వము కలుగదనియు, బిగువైనచో వాపు, నొప్పి, చీము పుట్టుననియు అందున్నది. చలికాలమున ఏడు దినములకు, సమశీతోష్ణ కాలమున ఐదు దినములకు, వేసవిలో మూడు దినములకు కట్టు మార్చవలెనని కాలమును కూడ నిర్ణయించిరి. ఎముకలు కట్టుటలో పుత్తూరు కట్టు తెలుగునాట ప్రసిద్ధము. ఈ విద్యలలో దేనినైనను మెచ్చుటకుగాని, త్రోసివేయుటకుగాని కొలబద్ద ఒక్కటే: కట్టు ఎముకను నిలిపినదా, రక్తమును నడువనిచ్చినదా?

కొసలను కలుపుట

ఆస్పత్రిలో మొదటి పని ఎక్స్‌రే. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనుగొనిన ఈ కిరణములతో విరుపును కనీసము రెండు దిక్కులనుండి, ఒకదానికొకటి లంబముగ, చిత్రించి చూతురు. ఒక దిక్కున సూటిగ కనిపించిన ఎముక మరియొక దిక్కున వంకరగ నుండవచ్చును గదా.

పశువును మైకముతో పండబెట్టి, విరిగిన కాలు పైకి వచ్చునట్లు ఉంచుదురు. జైలజీన్ అను మత్తుమందు ఇందుకు వాడుకలో కలదు. గుఱ్ఱమునకు కావలసిన దానిలో పదియవవంతు పరిమాణమే ఆవునకు చాలును. కావున తూకము తప్పరాదు. నెమరువేయు జంతువు ప్రక్కకు ఎక్కువసేపు పండియున్నచో వాయువు బయటికి పోలేక కడుపుబ్బరము కలుగును. మేత గొంతులోనికి వచ్చి ఊపిరితిత్తులలో పడుటయు కలదు. అందుచే పెద్ద పశువును ముందుగా పస్తుంచి, తల క్రింద ఎత్తుపెట్టి, నోరు క్రిందికి వాలునట్లు చూతురు. పని త్వరగా ముగింతురు.

విరిగిన వెంటనే కండరములు బిగుసుకొని కొసలను ఒకదానిపై ఒకటి ఎక్కించును, కాలు పొట్టియగును. గిట్టకు త్రాడు కట్టియో, గిట్ట గోటిలో రంధ్రములు చేసి తీగ దూర్చియో నెమ్మదిగ, ఆగకుండ లాగినచో కండరములు అలసి సడలును. అప్పుడు కొసలను ఎదురెదురుగ చేర్తురు. అవి వెండ్రుకవాసి తేడా లేకుండ కలియనక్కరలేదు. సగము మేరకైనను ఒకదానినొకటి తాకి, కాలి దిశ సరిగానుండి, గిట్ట మెలితిరుగకుండినచో మిగిలిన దిద్దుబాటు శరీరమే చేసికొనును. మెలిక మాత్రము తానై సరిపడదు.

పిండికట్టులోని రసాయనశాస్త్రము

1850 ప్రాంతమున డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథిసెన్ గుడ్డపట్టీలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి పట్టించి, తడిపి చుట్టు పద్ధతిని కనిపెట్టెను. క్రిమియా యుద్ధమున రష్యను వైద్యుడు పిరొగోఫ్ పిండికట్టును విరివిగ వాడెను. జిప్సం అను ఖనిజములో ఒక కాల్షియం సల్ఫేటు అణువునకు రెండు నీటి అణువులు చేరియుండును. దానిని కాచినచో ముప్పాతిక నీరు పోయి, రెండు కాల్షియం సల్ఫేటు అణువులకు ఒక నీటి అణువు మిగిలిన పొడి వచ్చును. అదియే ప్లాస్టర్. తిరిగి తడిపినచో పోయిన నీటిని గ్రహించి, సన్నని సూదులవంటి స్ఫటికములు ఒకదానిలో ఒకటి పెనవైచుకొని రాయివలె గట్టిపడును. ఆ సమయమున వేడి పుట్టును. వేడినీటితో తడిపి, మందముగ వేసినచో చర్మము కాలునంత వేడి రావచ్చును. కావున గోరువెచ్చని లేక చల్లని నీరే వాడవలెను. పిండి నిమిషములలో బిగిసినను, నీరారి పూర్తి బలము వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టును.

పిండికట్టు చవుక, కాలి రూపునకు చక్కగ అమరును. కాని బరువు హెచ్చు; మూత్రము, పేడనీరు తగిలిన మెత్తబడును. నేడు గాజునారకు పాలియురిథేన్ అను జిగురు పట్టించిన పట్టీలు వచ్చినవి. ఇవియు నీటితోనే గట్టిపడును, తేలిక, దృఢము, అరగంటలో బరువు మోయగలవు. ధర మాత్రము ఎక్కువ.

కట్టు ఏదైనను దాని క్రింద మెత్త పలుచగ నుండవలెను. మెత్త ఎక్కువైనచో నలిగి, లోపల చోటు ఏర్పడి, కాలు కదలును. పై అంచువద్దను, గిట్టపైనున్న చిన్న గోళ్లవద్దను మాత్రము దళసరి ఉన్ని పట్టీ కావలెను. గిట్టను కట్టులోపలనే ఉంచవలెను. గిట్టపైన కట్టు ఆపినచో అడుగడుగునకు దాని అంచు చర్మమును రంపమువలె కోయును. బరువు మోయునది గిట్ట అడుగు గనుక అచ్చట రెండింతలు మందము వేయుదురు.

ఇనుపచట్రము

పిక్క ఎముకకు, ముంజేతి ఎముకకు వాడు చట్రమునకు థామస్ చట్రము అని పేరు. హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) తరతరములుగ ఎముకలు కట్టు వేల్సు దేశపు కుటుంబమున పుట్టి, శాస్త్రీయముగ వైద్యము చదివి, లివర్‌పూలులో పనిచేసెను. తొడ విరిగిన సైనికులకు ఈ చట్రమును మొదటి ప్రపంచయుద్ధమున ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ప్రచారము చేయగా ఎందరికో ప్రాణములు దక్కినవి.

పశువునకు దీనిని కొద్దిగ మార్చి వాడుదురు. గజ్జకుగాని చంకకుగాని ఆనునట్లు మెత్త చుట్టిన ఇనుపవలయము పైన, దానినుండి నేలవరకు రెండు కడ్డీలు, అడుగున గిట్టను బిగించు పలక. పశువు నిలిచినప్పుడు బరువు వలయమునుండి కడ్డీల ద్వారా నేలకు దిగును. విరిగిన ఎముకపై పడదు. కొలతలు వైద్యుడిచ్చినచో దీనిని ఇనుపపని తెలిసిన వారెవరైనను చేయగలరు. లారీల పట్టణమైన సాలూరులో అట్టివారికి కొదువ లేదు. ఒక్క జాగ్రత్త: చట్రమున్న కాలు క్రిందుగ పశువు పండుకొన్నచో తానై లేవలేదు. మొదటి దినములలో మనుష్యులు సాయము చేసి, ఆ కాలు పైకి ఉండునట్లు పండుకొనుట అలవాటు చేయవలెను.

కట్టు వేసిన తరువాత

చికిత్సలో వైద్యుని వంతు ఒక పూట. రైతు వంతు రెండు నెలలు. పశువును మందనుండి వేరుచేసి, ఎండుగడ్డి పరచిన జారని మట్టినేలపై కట్టవలెను. మేత, నీరు నోటికందునంత దూరములో నుండవలెను. పచ్చగడ్డి, ఖనిజలవణముల మిశ్రమము ఇయ్యవలెను.

గేదె విషయమున మరియొక చిక్కు కలదు. దానికి చెమటగ్రంథులు తక్కువ. నల్లని చర్మము ఎండను పీల్చుకొనును. ఎండకాలమున అది చెరువు వెదకును. చెరువులో దిగిన పిండికట్టు ఆ పూటకే ముగియును. కావున నీడలో కట్టి, కట్టు తడియకుండ వీపుమీద నీళ్లు చల్లుచుండవలెను.

ప్రతిదినము కట్టును చూడవలెను, తాకవలెను, వాసన చూడవలెను. పై అంచువద్ద వాపు, దుర్వాసన, తడి, ఈగలు ముసరుట, జ్వరము, మేత మానుట, నిన్నటివరకు మోపిన కాలు నేడు మోపకుండుట - వీనిలో ఏ ఒక్కటి కనిపించినను ఆలస్యము చేయక కట్టు విప్పింపవలెను. దూడ పెరుగును, కట్టు పెరుగదు; మూడు వారములకొకసారి దానిని మార్చవలసియుండును. నొప్పికి వైద్యుడు చెప్పిన మందే వాడవలెను. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడుట మన దేశమున 2006లో నిషేధింపబడినది. ఆ మందు తిన్న పశువు కళేబరమును తిని రాబందులు లక్షలుగ చచ్చుటయే కారణము. దానికి బదులు రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ కలదు.

కట్టు తీయుటకు కంపించు రంపము వాడుదురు. దాని పళ్లు గుండ్రముగ తిరుగక, అతి స్వల్పదూరములో ఇటునటు వేగముగ కదలును. గట్టి పిండి తెగును. మెత్తని చర్మము రంపముతో కూడ కదలును గనుక తెగదు. తీసిన వెంటనే పశువును దున్నుటకు పూన్పరాదు. వాడుకలేక కండరములు సన్నగిలియుండును, కీళ్లు బిగిసియుండును. కొన్ని వారములు చిన్న నడకతో అలవాటు చేయవలెను.

రాకుండ చేయదగినది

దూడల కాలివిరుపులలో కొన్ని మనుష్యుల చేతులతోనే జరుగును. కష్టపు ఈతలో దూడ కాలికి ఒకే ఉరి వేసి పలువురు లాగినచో ఆ ఉరిచోటనే లేత ఎముక విరుగును. చీలమండకీలు పైన ఒక చుట్టు, క్రింద మరియొక చుట్టు వేసి, ఆవు ముక్కినప్పుడే లాగినచో బలము రెండుచోట్ల పంచబడి ఎముక నిలుచును.

ఆంధ్రప్రదేశమున 1962 అను ఫోను సంఖ్యకు పిలిచినచో వచ్చు సంచార పశువైద్య వాహనములు 2022లో ప్రారంభమైనవి. విజయనగరము జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కలదు. అయినను కొండమీది గ్రామమునకు ఏ వాహనమైనను చేరునప్పటికి కొంత కాలము గడచును. ఆ నడుమ గంటలలో కాలు దక్కుట, దక్కకపోవుట ప్రక్కనున్నవారి చేతిలో నుండును. పశువును నడిపింపకుండుట, గిట్టనుండి పై కీలు దాటువరకు మెత్తగ దబ్బలు కట్టుట, త్రాడు బిగింపకుండుట - ఈ మూడు సంగతులు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసియున్నచో, ఒక ఇంటి ఎద్దు మరల కాడి క్రిందికి వచ్చుటకు అవకాశము దక్కును.